మావారి శరీరాన్ని తీసుకున్న చోటు: నాక్స్‌విల్ శరీరదాన సేవ గురించి

టెన్నెసీ యూనివర్సిటీ వాళ్ల ఫోరెన్సిక్ ఆంత్రొపాలజీ (ఎముకలను బట్టి మనిషిని ఆనవాలు పట్టే శాస్త్రం) సెంటర్ అమెరికాలోని నాక్స్‌విల్‌లో ఉంది. చనిపోయినవాళ్ల శరీరాలను ఆరుబయట నేల మీద ఉంచి, అవి రోజురోజుకూ ఎలా మారుతున్నాయో, చివరికి ఎముకలు ఎలా మిగులుతున్నాయో చూసి రాసుకునే చోటు అది. జనం బాడీ ఫామ్ అంటారు. ఆ పేరు నాకు నచ్చదు, అందుకని ఇక్కడ సెంటర్ అనే రాస్తాను. 2023లో మావారి శరీరాన్ని వాళ్లకు ఇచ్చాం. ఆ సంగతి తెలిసిన దగ్గర్నుంచి ఎక్కడెక్కడి తెలుగువాళ్లో ఫోన్ చేసి అడుగుతున్నారు. కొందరు నిజంగా తెలుసుకోవాలని, కొందరు "ఎలా ఒప్పుకున్నారండీ" అని. ఇద్దరికీ చెప్పాల్సింది ఒకటే కాబట్టి వివరంగా రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇది మాట నిలబెట్టుకునే సేవ. చేస్తామన్నది చేస్తారు, చేయలేనిది చేయలేమని మొదటి ఫోన్‌లోనే చెబుతారు. కానీ అందరి ఇళ్లకూ సరిపడదు. అస్థికలు తిరిగి ఇవ్వరు. ఆ ఒక్క మాట దగ్గర మీ మనసు ఆగిపోతే ఇంక ముందుకు వెళ్లొద్దు, అందులో తప్పేమీ లేదు.

మావారిది తెనాలి దగ్గర పల్లెటూరు. ఇరిగేషన్ ఇంజినీరుగా పనిచేసి, పిల్లల కోసం ఇక్కడికి వచ్చారు. ఆయనకు ఈ ఆలోచన ఎక్కడ మొదలైందో చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచేసినప్పుడు ఆయనకు 22 ఏళ్లు. కాలేజీ కుర్రాళ్లంతా కలిసి సాయానికి వెళ్లారు. అన్నం పొట్లాలు పంచుదామని వెళితే, అక్కడ కావలసింది శవాలు ఎత్తే చేతులు. నీళ్లలో నాని, ఉబ్బి, ముఖాలు ఆనవాలు పట్టలేనట్టు మారిపోయిన శరీరాలు. వేలమంది పోయారు. ఎవరు ఎవరో తేల్చే వీలు లేదు, ఆలస్యం చేస్తే అంటువ్యాధులు వస్తాయని భయం. పోగులు పెట్టి కాల్చేశారు. తర్వాత వారాల తరబడి బంధువులు వచ్చి "మావాడు కనిపించాడా, చేతికి రాగి కడియం ఉంటుంది" అని అడుగుతుంటే ఏం చెప్పాలో తెలిసేది కాదట. పెళ్లయిన కొత్తలో ఒకసారి ఈ సంగతి నాకు చెప్పారు. ఆ తర్వాత చాలా ఏళ్లు ఎత్తలేదు.

ప్రోస్టేట్ క్యాన్సర్ వచ్చి ఇక్కడి యూనివర్సిటీ మెడికల్ సెంటర్‌కు తిరుగుతున్నప్పుడు, పార్కింగ్ వెనక చెట్లలో ఒక ఎత్తైన చెక్క కంచె కనిపించేది. పైన ముళ్ల తీగ. అదేమిటని ఆయనే కనుక్కున్నారు. ఆ కంచె వెనకే ఈ సెంటర్ పరిశోధన చేసే స్థలం. ఆ రోజు కారులో ఇంటికి వస్తూ దివిసీమ మాట మళ్లీ ఎత్తారు. "అప్పుడు ఒక్కరి గురించి కూడా ఏమీ రాసుకోలేదు. ఎత్తు ఇంత, పన్ను ఇలా ఉంది, కాలు ఎప్పుడో విరిగి అతుక్కుంది అని రాయగలిగినవాళ్లు ఉంటే కొందరికైనా పేరు దొరికేది" అన్నారు.

ఈ సెంటర్ మొదలైన తీరు కూడా ఆయన్ను బాగా కదిలించింది. విలియం బాస్ అనే ప్రొఫెసర్ 1971లో కాన్సస్ నుంచి నాక్స్‌విల్ వచ్చారు. కాన్సస్‌లో పోలీసులు ఆయన దగ్గరికి ఎక్కువగా ఎండిన ఎముకలు తెచ్చేవాళ్లు. టెన్నెసీ తేమలో తెచ్చేవి కుళ్లుతున్న, పురుగులు పట్టిన శరీరాలు. ఈయన పోయి ఎన్నాళ్లయింది అని పోలీసులు అడుగుతారు. ఖచ్చితంగా చెప్పడానికి ఆధారం ఏదీ లేదు. 1977 డిసెంబరులో ఫ్రాంక్లిన్ అనే ఊళ్లో ఎవరో ఒక పాత సమాధిని తవ్వారు. అందులో తల లేని శరీరం కనిపించింది, కండ ఇంకా గులాబీ రంగులో ఉంది. బాస్ చూసి, చనిపోయి ఏడాదికి మించి ఉండదన్నారు. చివరికి తేలిందేమిటంటే, అది కల్నల్ విలియం షై అనే సైనికుడి శరీరం. 1864 డిసెంబరులో నాష్‌విల్ యుద్ధంలో పోయాడు. శరీరానికి మందు ఎక్కించి, గాలి చొరబడని ఇనుప పెట్టెలో పెట్టడంతో 113 ఏళ్లు అలా నిలిచింది. వయసు, ఆడా మగా అన్నవి బాస్ సరిగ్గానే చెప్పారు, కాలం ఒక్కటే అంత తేడాగా పోయింది. ఆ పొరపాటును ఆయన దాచుకోలేదు, అందరికీ చెప్పారు. మనకు తెలియదు కాబట్టి తెలుసుకుందాం అని యూనివర్సిటీని స్థలం అడిగారు. 1981లో మొదటి దాత శరీరం వచ్చింది. దానికి 1-81 అని నంబర్ వేశారు, ఆ ఏడాది మొదటిది అని. నంబర్లు ఇప్పటికీ అలాగే వేస్తున్నారు.

ఇంక సేవ విషయానికి వస్తాను.

బతికుండగానే పేరు ఇచ్చుకోవచ్చు. అలా ఇచ్చుకోకపోయినా, పోయాక దగ్గరి బంధువు సంతకంతో ఇవ్వొచ్చు. మావారు ముందే ఇచ్చారు, నా మాట వింటే మీరూ అదే చేయండి. దానానికి డబ్బు తీసుకోరు, ఇవ్వరు. నాక్స్‌విల్‌కు 100 మైళ్ల లోపల పోతే వాళ్లే వచ్చి తీసుకెళతారు. అంతకు మించి దూరమైతే శరీరాన్ని చేర్చే ఖర్చు కుటుంబానిదే. మనుషులకు అంటుకునే కొన్ని జబ్బులు ఉంటే తీసుకోరు. ఆ సంగతి పోయాక పరీక్షల్లో బయటపడినా వద్దంటారు. కాబట్టి ప్రత్యామ్నాయం ఒకటి ఇంట్లో అనుకుని ఉంచాలి. కళ్లు, అవయవాలు దానం చేసినవాళ్లను కూడా తీసుకుంటారని తెలిసి మావారు సంతోషించారు. అవయవాలు ఇచ్చినవాళ్లను మెడికల్ కాలేజీలు చాలాచోట్ల తీసుకోవు.

వీటన్నిటికంటే నాకు ముఖ్యమనిపించింది వాళ్లు పంపే ప్రశ్నల కాగితం. ఎత్తు, బరువు, ఏయే ఉద్యోగాలు చేశారు, ఎముకలు ఎప్పుడైనా విరిగాయా, పళ్లకు ఏం చేయించారు, ఏ ఆపరేషన్లు అయ్యాయి. మావారు దాన్ని పరీక్ష రాసినంత శ్రద్ధగా నింపారు. చిన్నప్పుడు సైకిల్ మీద నుంచి కాలవ గట్టున పడి ఎడమ ముంజేయి విరిగింది. ఊళ్లో కట్టు కట్టే ఆయన వెదురు బద్దలు పెట్టి కట్టాడు. అదంతా మార్జిన్‌లో చిన్న అక్షరాలతో రాశారు. ఎక్కడ పుట్టారు, చిన్నప్పుడు ఏ నీళ్లు తాగారు అన్నది కూడా ఎక్కువే రాశారు. దానికి కారణం ఉంది. పంటి పైపొర చిన్నతనంలోనే తయారవుతుంది, ఆ తర్వాత మారదు. అప్పుడు తాగిన నీళ్లు, తిన్న తిండి గుర్తులు అందులో ఐసోటోపుల (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువుల) రూపంలో ఉండిపోతాయి. పేరు తెలియని శరీరం దొరికినప్పుడు ఆ మనిషి ఏ ప్రాంతంలో పెరిగాడో అంచనా వేయడానికి అది పనికొస్తుంది. "నా పళ్లలో ఇంకా కృష్ణా కాలవ నీళ్లే ఉన్నాయి, ఎక్కడికి పోతాయి" అని మురిసిపోయారు.

ఇంట్లో ఒప్పుకోవడం తేలిగ్గా జరగలేదు. మా అబ్బాయి ఏడ్చాడు. "నాన్నా, నిన్ను బయట పురుగులకు వదిలేసి నేను ఇంట్లో పడుకోలేను" అన్నాడు. ఆయన కోప్పడలేదు. "కాల్చినా, పూడ్చినా, బయట పెట్టినా పోయేదే కదరా. పోయేటప్పుడు పక్కన ఎవరో కూర్చుని రాసుకుంటారంటే నాకు అదే బాగుంది" అన్నారు. తెనాలి నుంచి మా ఆడపడుచు వీడియో కాల్‌లో నన్నే పట్టుకుంది. "వదినా, అన్నయ్య అస్థికలు కృష్ణలో కలపకుండా ఎట్టా? రేపు ఊళ్లోవాళ్లు అడిగితే నేనేం చెప్పాలి?" ఫోన్ ఆయనే తీసుకుని సుశ్రుతుడి సంగతి చెప్పారు. శరీరం లోపల ఏముందో తెలుసుకోవాలనుకునే వైద్యుడు ఏం చేయాలో సుశ్రుతుడు ఎప్పుడో చెప్పాడు: అంగాలన్నీ సరిగా ఉన్న శరీరాన్ని తీసుకుని, ముంజ గడ్డి, దర్భ, నార లాంటివి చుట్టి, బోనులో పెట్టి, ఎవరూ లేని చోట నది నీళ్లలో ఉంచి కుళ్లనివ్వాలి. ఏడు రాత్రుల తర్వాత తీసి, వట్టివేరు, వెంట్రుకలు, వెదురుతో చేసిన కుంచెతో మెల్లమెల్లగా రుద్దుతూ చర్మం దగ్గర్నుంచి లోపలి దాకా ఒక్కొక్క పొరా కళ్లారా చూడాలి. "మన పెద్దవాళ్లు చేసిన పనేనమ్మా ఇది, వీళ్లు కొత్తగా కనిపెట్టింది కాదు" అన్నారు. ఆమె ఒప్పుకుందని చెప్పను కానీ, మళ్లీ వాదించలేదు.

ఆయన పోయింది రాత్రి పూట, ఇంట్లోనే. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. హాస్పిస్ (చివరి రోజుల్లో రోగిని చూసుకునే సేవ) తరఫున వచ్చిన నర్సుకు ఈ దానం గురించి తెలియదు. వాళ్ల పద్ధతి ప్రకారం అంత్యక్రియల ఏర్పాట్లు చూసే ఒక ఫ్యునరల్ హోమ్‌కు ఫోన్ చేసింది. ఆ ఫ్యునరల్ హోమ్ వాళ్లు వెంటనే ఎంబామింగ్, అంటే శరీరం చెడకుండా మందు ఎక్కించడం, మాట ఎత్తారు. మందు ఎక్కిస్తే శరీరం మారే సహజమైన క్రమమే చెడిపోతుంది, కల్నల్ షై విషయంలో జరిగింది అదే. మా అమ్మాయి కాగితం తెచ్చి చూపించి, సెంటర్ నంబర్‌కు ఫోన్ చేసింది. అవతలివాళ్లు నెమ్మదిగా, తొందరపెట్టకుండా మాట్లాడారు. ముందు "మీరెలా ఉన్నారు" అని అడిగి, తర్వాతే వివరాలు అడిగారు. మేం స్నానం చేయించి, కొత్త పంచె కట్టి, నోట్లో తులసి నీళ్లు పోసే దాకా ఆగుతారా అని అడిగితే ఆగుతామన్నారు, ఆగారు. పంచె, విభూతి వాళ్లకు అడ్డమవుతాయేమో అనుకున్నాం. వాళ్లు ఆ మాటే అనలేదు. తీసుకెళ్లేటప్పుడు ఆయన్ను పేరుతోనే పిలిచారు.

కర్మకాండల గురించి అందరూ అడుగుతారు. గుడి పంతులు గారు ముందు ఆలోచనలో పడ్డారు. తర్వాత ఆయనే మార్గం చెప్పారు. దేశాంతరంలో పోయి శరీరం దొరకనివాళ్లకు 360 మోదుగాకు కాడలతో మనిషి ఆకారం చేసి దహనం చేసే పద్ధతి ఉంది, ఒక్కో కాడ ఒక్కో ఎముకకు. ఇక్కడ మోదుగ దొరకదు కాబట్టి దర్భలతో చేయించారు. మా అబ్బాయి దానికే నిప్పు పెట్టాడు. పది రోజుల కర్మ లోటు లేకుండా జరిగింది. ఆ బూడిదను తర్వాత సీతానగరం దగ్గర కృష్ణలో మా ఆడపడుచు చేతుల మీదుగానే కలిపాం. వేరే పురోహితులు వేరేలా చెప్పవచ్చు. ముందే అడిగి ఉంచుకుంటే ఆ రోజుల్లో టెన్షన్ ఉండదు.

ఇక కంచె లోపల ఏం జరుగుతుందన్నది. కుటుంబాన్ని గానీ, చూడాలనుకునే జనాన్ని గానీ లోపలికి రానివ్వరు. అది సరైన పనే అంటాను, అక్కడున్నది మావారొక్కరే కాదు. ఆయన బతికుండగా తెచ్చుకుని చదివిన కాగితాల వల్ల నాకు కొంత తెలుసు. వినడానికి కష్టమనిపిస్తే ఈ రెండు పేరాలు వదిలేయండి.

ఊపిరి ఆగగానే కణాలు తమను తామే కరిగించుకోవడం మొదలుపెడతాయి. పేగుల్లో ఉండే సూక్ష్మజీవులు బయటికి పాకుతాయి. పొట్ట కుడివైపు కింద, పెద్దపేగు మొదలయ్యే చోట, చర్మం మొదట పచ్చబడుతుంది. లోపల గ్యాసు చేరి శరీరం ఉబ్బుతుంది. ఈగలు ఎంత తొందరగా వస్తాయంటే, వెచ్చని వాతావరణంలో నిమిషాల మీద వచ్చి కళ్లలో, ముక్కులో, నోట్లో, గాయాల్లో గుడ్లు పెడతాయి. ఏ ఈగ ముందు వస్తుంది, ఏ పేడపురుగు లాంటి పురుగు తర్వాత వస్తుంది, పిల్ల ఎన్ని రోజులకు ఎంత పెరుగుతుంది అన్నది ఇక్కడే శ్రద్ధగా చూసి 1983లో అచ్చు వేశారు. ఇవాళ కోర్టులో ఎవరైనా పురుగుల వయసును బట్టి చనిపోయిన రోజు చెబుతున్నారంటే, దాని వెనక ఇలాంటి దాతల శరీరాల మీద చేసిన పని ఉంది.

రెండో సంగతి వేడి. రోజులు లెక్కపెడితే సరిపోదు, ఆ రోజుల్లో ఎంత వేడి పడిందో కలుపుకుంటూ పోవాలి. సార్వాలో ఇన్ని రోజులకు కోతకొచ్చే వరి వంగడమే దాళ్వాలో చలికి ఆలస్యమైనట్టు, శరీరమూ అంతే. ఆర్పాద్ వాస్ అనే శాస్త్రవేత్త ఇక్కడి శరీరాల కింది మట్టిని పరీక్షించి 1992లో ఒక సులువైన లెక్క ఇచ్చారు: 1285ను సగటు సెంటీగ్రేడ్ వేడితో భాగిస్తే, ఆరుబయట ఉన్న శరీరం ఎముకలుగా మారడానికి సుమారు ఎన్ని రోజులు పడుతుందో వస్తుంది. పది డిగ్రీలైతే 128 రోజులు, ఇరవై అయిదైతే 51. మన గుంటూరు ఎండల్లో సగటు 33 వేసుకుంటే 39 రోజులు. ఇది అంచనాయే. తేమ, నీడ, ఒంటి మీద బట్టలు, కుక్కలు, పురుగులు అన్నీ మార్చేస్తాయి. తర్వాతి పరిశోధకులు ఇంకా మెరుగైన లెక్కలు తెచ్చారు. కానీ మావారు ఈ భాగహారాన్ని ఒక కాగితం మీద దివిసీమ నవంబరు వేడితో వేసి చూసుకున్నారు. ఆ కాగితం నా దగ్గరే ఉంది.

అంతా అయ్యాక ఎముకలను ఏరి, వేడి నీళ్లతో మెత్తగా శుభ్రం చేసి, ఒక్కొక్క దాని మీద నంబర్ రాసి పెట్టెలో భద్రపరుస్తారు. బాస్ పేరుతో ఉన్న ఆ సేకరణలో 1800కు పైగా మనుషుల అస్థిపంజరాలున్నాయి. ఎన్నో ఏళ్లు ఈ విభాగం అంతా నేలండ్ ఫుట్‌బాల్ స్టేడియం మెట్ల కింది గదుల్లో ఉండేదట. పైన లక్షమంది అరుస్తుంటే కింద వీళ్లు ఎముకలు కొలిచేవాళ్లు. 2017లో స్ట్రాంగ్ హాల్ అనే కొత్త భవనానికి మారారు. అక్కడ కుటుంబం ముందుగా చెప్పి వెళ్లి చూడవచ్చు. ఈ ఒక్క సదుపాయం వల్ల ఈ సేవకు నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

మా అమ్మాయీ నేనూ వెళ్లాం. ఒక బల్ల మీద ఆయన్ను వరసగా పేర్చి ఉంచారు, తల నుంచి పాదాల దాకా. అక్కడున్న అమ్మాయి చిన్న వయసుది, చదువుకుంటోంది. మేం కావాలంటేనే వివరిస్తానంది, వద్దంటే బయట కూర్చుంటానంది. చెప్పమన్నాం. మేం ఏమీ అనకముందే ఎడమ ముంజేయి ఎముక మీద చిన్న ఉబ్బు చూపించి, ఇది చిన్నప్పుడు విరిగి అతుక్కుంది, కొంచెం వంకరగా అతుక్కుంది అంది. వెదురు బద్దల కట్టు నాకు గుర్తొచ్చింది. తర్వాత నడుము పూసలు, కటి ఎముక చూపించింది. ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలోకి పాకితే అక్కడ కొత్త ఎముక గరుగ్గా, గట్టిగా పేరుకుంటుంది. ఆయన పూసల మీద, కటి ఎముక మీద అలాంటి గడ్డలు చాలా ఉన్నాయి. చివరి నెలల్లో ఆయన "కూర్చోలేకపోతున్నాను" అంటే నేను దిండ్లు మార్చేదాన్ని. ఆ నొప్పి ఎక్కడుందో నా చేతికి తగిలింది. ముట్టుకోవచ్చా అని అడిగితే, ముట్టుకోండి అంది. చాలాసేపు ముట్టుకుని కూర్చున్నాను. ఎవరూ గడియారం చూడలేదు. దహనం చేసి ఉంటే నాకు ఇది దొరికేది కాదు. అందరు భార్యలకూ ఇది కావాలని అనను, నాకు మాత్రం కావలసింది ఇదే.

లోపాలనండి, పరిమితులనండి, ఇవి.

మొదటిది, ఈ సేకరణలో ఎక్కువమంది అమెరికా తెల్లవాళ్లు. మనలాంటివాళ్లు చాలా తక్కువ. ఇది చిన్న సంగతి కాదు. పేరు తెలియని అస్థిపంజరం దొరికినప్పుడు దాని కొలతలను ఫోర్‌డిస్క్ అనే కంప్యూటర్ ప్రోగ్రాంలో వేసి, తెలిసిన మనుషుల కొలతలతో పోల్చి, ఎవరై ఉంటారో అంచనా వేస్తారు. ఆ కొలతల బ్యాంకును 1986లో మొదలుపెట్టింది రిచర్డ్ జాంట్జ్, ఇదే యూనివర్సిటీలో. బ్యాంకులో లేని జనాభాకు ఆ పోలిక సరిగా కుదరదు. తొడ ఎముక పొడవును బట్టి ఎత్తు చెప్పే సూత్రాలు కూడా ఏ జనం మీద తయారైతే ఆ జనానికే బాగా పనిచేస్తాయి. ఈ దేశంలో ఇంతమంది తెలుగువాళ్లం ఉన్నాం. మనలో ఎవరైనా అడవిలోనో, అగ్ని ప్రమాదంలోనో పోయి ఎముకలుగా దొరికితే పోల్చి చూడటానికి పుట్టిన ఊరు, వయసు, ఎత్తు, జబ్బు అన్నీ తెలిసిన మనవాళ్ల అస్థిపంజరాలు కావాలి. మావారు ఇచ్చింది ముఖ్యంగా ఇందుకే. అందరూ దధీచితో పోలుస్తుంటే ఆయనకు ఇబ్బందిగా ఉండేది. "త్యాగం కాదు, కొలత ఇస్తున్నాను" అనేవారు.

రెండోది దూరం. 100 మైళ్లు దాటితే ఖర్చు మీదే అని చెప్పాను కదా. టెక్సస్‌లో ఉన్నవాళ్లకు దగ్గర్లో వేరే కేంద్రాలున్నాయి. శాన్ మార్కోస్‌లో టెక్సస్ స్టేట్ యూనివర్సిటీది 2008 నుంచి, 26 ఎకరాల్లో నడుస్తోంది. అక్కడ రాబందులు తిరుగుతాయి, అవి వాలితే శరీరం గంటల్లోనే ఎముకలుగా మారవచ్చు. ఆ సంగతి ఇంట్లోవాళ్లకు ముందే తెలియాలి. హ్యూస్టన్ వాళ్లకు హంట్స్‌విల్‌లోని సామ్ హ్యూస్టన్ స్టేట్ యూనివర్సిటీది దగ్గర. నార్త్ కారొలినా వాళ్లకు వెస్టర్న్ కారొలినా యూనివర్సిటీలో ఉంది, 2006 నుంచి. నియమాలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి, అడగాలి.

మూడోది, ఇచ్చాక మన చేతిలో ఏమీ ఉండదు. ఆయన్ను ఏ పరిశోధనకు వాడతారో మనం ఎంచుకోలేం. ఎండలో ఉంచుతారో, నీడలోనో, మట్టి కిందో, పోలీసులకు శవం తవ్వి తీసే పద్ధతి నేర్పడానికో. ఎఫ్‌బీఐ వాళ్లు కూడా ఇక్కడికి వచ్చి నేర్చుకుంటారు. నాకు అది గర్వంగానే ఉంది. మా అబ్బాయికి ఇప్పటికీ అంత తేలిక కాదు. వాడు స్ట్రాంగ్ హాల్‌కు రాలేదు, రమ్మని నేను బలవంతపెట్టను.

హైదరాబాదు, విజయవాడ నుంచి అడిగేవాళ్లకు: మన దగ్గర శరీరదానం అంటే మెడికల్ కాలేజీ అనాటమీ విభాగానికి. అక్కడ డాక్టర్లు కాబోయేవాళ్లు కోసి నేర్చుకుంటారు. అదీ మంచి పనే, అయితే పని వేరు. ఇక్కడిదాకా పంపడం గురించి మాత్రం ఆలోచించకండి.

నా ఫారం కూడా ఇచ్చేశాను. పుట్టింది రేపల్లె, కాన్పులు రెండు, మోకాలికి ఆపరేషన్ ఒకటి, కింది దవడలో కట్టించిన పళ్లు రెండు, అన్నీ రాశాను. ప్రసవాల గుర్తులు కటి ఎముక మీద ఎంతవరకు నమ్మదగినవి అన్నది శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకునే విషయమట, అందుకని ఆ వివరం వదలకుండా రాశాను. మీరూ నింపితే ఏ ప్రశ్నా ఖాళీగా వదలకండి. కాగితం నకలు ఒకటి పిల్లల దగ్గర, ఒకటి మీ డాక్టరు దగ్గర, ఒకటి ఫ్రిజ్ తలుపు మీద ఉంచండి. సెంటర్ ఫోన్ నంబర్ పెద్ద అక్షరాలతో రాసి దాని పక్కనే అంటించండి. ఆ రాత్రి కళ్లజోడు వెతుక్కునే ఓపిక ఎవరికీ ఉండదు.